టెక్ సందేహాలు: కార్న్ స్నేక్ ట్యాంకుకి ముందు కొనాల్సింది ఏంటి?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో పాములవే ఎక్కువ, అవి కూడా దాదాపు అన్నీ అమెరికాలో ఉండే మనవాళ్ల నుంచే. అందుకే ఈసారి వైఫై, ఫోన్ బ్యాటరీ ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులిస్తున్నా.

ప్రశ్న: నమస్తే అండి, మేం మిషిగన్‌లో ఉంటాం. మా బాబు ఎప్పట్నుంచో అడుగుతుంటే కార్న్ స్నేక్ (ఇళ్లలో పెంచుకునే విషం లేని పాము) పిల్లని కొనిచ్చాం, జానెడు కంటే కాస్త పొడుగుంటుంది. షాపు వాళ్లు ట్యాంకు కింద పెట్టే హీట్ మ్యాట్, గాజుకి అంటించే గుండ్రటి థర్మామీటర్ ఇచ్చారు. మ్యాట్‌ని స్మార్ట్ ప్లగ్‌కి పెట్టి గంట ఆన్, గంట ఆఫ్ అని టైమర్ సెట్ చేశాను. థర్మామీటర్ 78 ఫారెన్‌హీట్ చూపిస్తోంది. మొన్న తిన్నది కక్కేసింది, బాబు ఏడుస్తున్నాడు. ఇంకేం సెన్సర్లు కొనాలి?

జవాబు: ముందు ఆ టైమర్ తీసేయండి అండి. స్మార్ట్ ప్లగ్‌కి టైం తెలుసు గానీ వేడి తెలీదు, ఇల్లు చల్లగా ఉన్నా వెచ్చగా ఉన్నా అది గంట లెక్కే చూస్తుంది. మీరు వెంటనే కొనాల్సింది ఒకటే, ప్రోబ్ (వైరు చివర వేడిని కొలిచే ముక్క) ఉన్న థర్మోస్టాట్, అంటే వేడిని చూసి మ్యాట్‌ని ఆన్ ఆఫ్ చేసే పరికరం. కెమెరా, యాప్, లైట్లు అన్నీ దాని తర్వాతే. హీట్ మ్యాట్‌ని కంట్రోల్ లేకుండా వదిలేస్తే గాజు మీద 100 ఫారెన్‌హీట్ దాటిపోవచ్చు, పాముల పొట్ట కింద కాలిన గాయాలు అలానే అవుతాయి. మరీ చల్లగా ఉంటే తిన్నది అరగదు, కక్కేస్తుంది. మీది ఏ కేసో ఆ 78ని బట్టి చెప్పలేం, ఎందుకంటే ఆ గుండ్రటి థర్మామీటర్ గోడ దగ్గర గాలిని కొలుస్తోంది, పాము పడుకునేది నేల మీద.

వెచ్చటి వైపు నేల 85 నుంచి 88 ఫారెన్‌హీట్, అంటే 29 నుంచి 31 సెల్సియస్ ఉండాలి, రెండో వైపు 75 నుంచి 80. మ్యాట్ ట్యాంకు అడుగులో మూడో వంతు కంటే ఎక్కువ ఆక్రమించకూడదు, లేకపోతే దానికి చల్లగా ఉండే చోటే మిగలదు. రెండు వైపులా దాక్కోడానికి ఒక్కో గూడు పెట్టండి, ఒకవైపే పెడితే భయంతో గూడు ఉన్నచోటే ఉండిపోతుంది, వేడి సరిపోకపోయినా కదలదు.

ప్రోబ్ ఎక్కడ పెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. ట్యాంకు లోపల వదులుగా పడేస్తే పాము దాన్ని పక్కకి నెట్టేస్తుంది, లేదా దాని మీద నీళ్లు ఒలుకుతాయి, అప్పుడు ప్రోబ్ చల్లబడి థర్మోస్టాట్ ఏమో ఇంకా వేడి కావాలేమో అనుకుని మ్యాట్‌ని ఆపకుండా నడిపిస్తూనే ఉంటుంది. అందుకే బయటే, మ్యాట్‌కీ గాజుకీ మధ్య కదలకుండా బిగించండి. తర్వాత లోపల పరిచిన చెక్క పొట్టు కాస్త పక్కకి జరిపి, వేడి కొలిచే గన్‌ని దగ్గరగా పెట్టి నేల మీద చూడండి, 88 లోపు వచ్చేదాకా థర్మోస్టాట్ నంబర్ సర్దుతూ ఉండండి. ఒక రోజంతా నిలకడగా ఉంటేనే సెట్ అయినట్టు. ట్యాంకు కింద చిన్న కాళ్లు పెట్టి గాలి ఆడనివ్వడం మర్చిపోకండి.

ఇక కక్కడం గురించి. వెంటనే మళ్లీ తిండి పెట్టకండి ప్లీజ్. నీళ్లు మాత్రం ఉంచి 10 నుంచి 14 రోజులు ఆగి, మామూలు కంటే చిన్న పింకీ, అదే వెంట్రుకలు రాని ఎలుక పిల్ల, ఒక్కటి పెట్టండి. ఫ్రీజర్‌లోది గోరువెచ్చటి నీళ్లలో కరిగించాలి, మైక్రోవేవ్‌లో వద్దు. తిన్నాక 48 గంటలు బాబుని ముట్టుకోనివ్వకండి, పిల్లపాముని తిన్న వెంటనే చేతిలోకి తీస్తే కూడా కక్కేస్తుంది. రెండోసారి కూడా కక్కితే పాముల్ని చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పాముల మీద సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు.

ప్రశ్న: పాము రాత్రిపూట ఏం చేస్తుందో చూద్దామని బ్యాటరీతో నడిచే కెమెరా పెట్టాను, ఒక్క అలర్ట్ కూడా రావట్లేదు. కెమెరా పాడైందా అన్నా?

జవాబు: పాడవలేదు తమ్ముడూ. బ్యాటరీ కెమెరాల్లో ఎక్కువగా ఉండేది ఒంటి వేడిని పట్టే సెన్సర్. మనుషులు, కుక్కలు గది కంటే వెచ్చగా ఉంటారు కాబట్టి పట్టేస్తుంది, పాము ఒళ్లు చుట్టూ ఉన్న వేడికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి దానికి కనపడదు, పైగా మధ్యలో గాజు ఉంటే ఆ వేడి కిరణాలు దాదాపు దాటవు. కరెంటుకి పెట్టి ఉంచే, బొమ్మలో మార్పుని చూసి అలర్ట్ ఇచ్చే కెమెరా తీసుకోండి. నైట్ విజన్ లైటు 940 నానోమీటర్లది ఉంటే మంచిది, 850 వాటిలో సన్నగా ఎర్ర వెలుగు కనిపిస్తుంది. గాజు బయట పెడితే ఆ లైటు తిరిగి కెమెరాలోకే కొట్టి అంతా తెల్లగా వస్తుంది, మూత పైనుంచి జాలీలో నుంచి చూసేలా పెట్టండి. మూతకి క్లిప్పులు ఉన్నాయా లేదా కూడా ఈలోపు చూసుకోండి, పిల్లపాము తల పట్టేంత సందు ఉంటే చాలు వెళ్లిపోతుంది, అప్పుడు ఏ కెమెరా ఉన్నా లాభం లేదు.

ప్రశ్న: ఈఎస్‌పీ32 (చిన్న కంప్యూటర్ చిప్ బోర్డు), డీహెచ్‌టీ11 (వేడి, తేమ కొలిచే సెన్సర్), రిలే (కరెంటుని ఆన్ ఆఫ్ చేసే స్విచ్) పెట్టి థర్మోస్టాట్ నేనే చేసుకుంటున్నా, కోడ్ చూస్తారా?

జవాబు: కోడ్ కంటే ముందు సెన్సర్ మార్చండి. డీహెచ్‌టీ11లో తేడా రెండు డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది, 31 అనుకుంటే 33 ఉండొచ్చు, ఇంత చిన్న ప్రాణికి అది తక్కువ తేడా కాదు. డీఎస్18బీ20 అనే వాటర్‌ప్రూఫ్ వేడి సెన్సర్ ప్రోబ్ అయితే అర డిగ్రీ తేడాలోపే చెప్తుంది. నాకు అసలు భయం రిలే గురించి. చవక రిలేల కాంటాక్టులు అతుక్కుపోతే మీ కోడ్ ఆఫ్ అని ఎంత చెప్పినా మ్యాట్ ఆన్‌లోనే ఉంటుంది. మీ ప్రాజెక్టు మానొద్దు, రీడింగులు రికార్డ్ చేయడానికి, 90 ఫారెన్‌హీట్ దాటితే ఫోన్‌కి మెసేజ్ పంపడానికి వాడండి. కంట్రోల్ మాత్రం రెడీమేడ్ థర్మోస్టాట్‌కి వదిలేయండి. ఇంట్లో ఇంకో ప్రాణం మీ కోడ్ మీద ఆధారపడేటప్పుడు నేర్చుకునే ప్రయోగం దాని మీద చేయకూడదు అని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: తేమ మీటర్లు రెండు కొన్నాను, ఒకటి 38 శాతం, ఇంకొకటి 55 శాతం అంటోంది, ఏది నమ్మాలి?

జవాబు: చిన్న మూతలో ఉప్పు వేసి తడి ఇసకలా అయ్యేంత నీళ్లు చుక్కలు చుక్కలుగా కలపండి, రెండు మీటర్లతో పాటు జిప్ కవర్లో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున 75 చూపించాలి. ఎంత తేడా ఉంటే అంత కలుపుకోవడమో తీసేయడమో చేయండి. మామూలుగా 40 నుంచి 60 చాలు, కళ్లు నీలంగా మసకబారితే కుబుసం విడవబోతోందని అర్థం, అప్పుడు తడి నాచు ఉన్న డబ్బా ఒకటి లోపల పెట్టండి.

ప్రశ్న: తిండి లెక్కలకి మంచి యాప్ చెప్పండి. మేం న్యూజెర్సీ.

జవాబు: యాప్ ఎందుకండి, గూగుల్ షీట్ చాలు. తేదీ, ఏం తిన్నది, కుబుసం, బరువు, అంతే. ఒక గ్రాము దాకా చూపించే కిచెన్ స్కేల్ కొనండి. పిల్లపాముకి 5 నుంచి 7 రోజులకి ఒకసారి, దాని ఒంటి లావు ఎంతో అంత లావుది పెట్టండి. కానీ మీ రాష్ట్రంలో కార్న్ స్నేక్ అంతరించిపోతున్న జాబితాలో ఉంది, పర్మిట్ లేకుండా ఉంచుకోకూడదు. ఆ కాగితం ఇప్పటిదాకా తీసుకోకపోతే షీట్ కంటే ముందు రాష్ట్ర వన్యప్రాణి ఆఫీసు వాళ్లకి ఫోన్ చేయండి.