హార్స్ చెస్ట్‌నట్ ఆకులు జులైలోనే ఎండిపోవడం గురించి

మ్యూనిక్‌లో మీ పెరటి హార్స్ చెస్ట్‌నట్ చెట్టు ఆకులు జులైలోనే గోధుమరంగుకు తిరిగి రాలుతున్నాయనీ, చెట్టును కొట్టించాలేమోననీ అడిగారు. దయచేసి కొట్టించకండి. మచ్చపడిన ఆకునొకదాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మచ్చ పలచగా, లోపల బోలుగా ఉండి, అందులో నల్లటి విసర్జన రేణువులో, చదునైన చిన్న పురుగో కనిపిస్తే అది కామెరారియా ఓహ్రిడెల్లా అనే ఆకుతొలిచే పురుగు పనే. మచ్చ చుట్టూ పసుపు అంచు ఉండి, లోపల ఏమీ లేకపోతే శిలీంధ్రం వల్ల వచ్చే ఆకుమచ్చ తెగులును అనుమానించాలి.

1984లో ఇప్పటి ఉత్తర మాసిడోనియాలోని ఓహ్రిడ్ సరస్సు దగ్గర గమనించిన ఈ పురుగు తర్వాత యూరప్‌లో చాలా దేశాలకు పాకింది. తల్లి పురుగు పొడవు సుమారు 5 మిల్లీమీటర్లే. ఇటుకరంగు రెక్కల మీద తెల్లని చారలుంటాయి. అది ఆకు పైభాగాన గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి వెలువడిన పిల్లపురుగు నేరుగా ఆకులోకి దూరి, పైపొర కిందనున్న పచ్చని భాగాన్ని తింటూ పెరిగి, అక్కడే ప్యూపాగా (రెక్కల పురుగు కావడానికి ముందు దశ) మారుతుంది. మన బత్తాయి ఆకుల మీద మెలికల గీతలు పెట్టే పురుగుదీ ఇదే కుటుంబం. సాధారణంగా ఏడాదికి 3 తరాలు వస్తాయి. చివరి తరం ప్యూపాలు రాలిన ఆకుల్లోనే చలికాలం గడుపుతాయి.

అందుకే మందు పిచికారీ కంటే, ఆకురాలు కాలంలో ఆకులన్నీ ఊడ్చి మునిసిపాలిటీ సేకరణకు ఇచ్చేయడం మేలు. ఇంటి కంపోస్టులో వేడి చాలకపోతే ప్యూపాలు బతికిపోతాయి. పక్కింట్లోనూ ఈ చెట్టుంటే వారితోనూ మాట్లాడండి, ఎందుకంటే వసంతంలో ఎగిరే మొదటి తరం అక్కడి నుంచీ వస్తుంది. ఈ పురుగు ఒక్కదాని వల్లే చెట్టు చావదు. వచ్చే ఏడాది మళ్లీ చిగురిస్తుంది. కాండం నుంచి ముదురు రంగు ద్రవం కారుతుంటే మాత్రం అది వేరే తెగులు, వృక్ష నిపుణుడికి చూపించండి.