పైసలు కట్టి పుస్తకం వేయించుకోకు బిడ్డా

నల్లగొండ

బిడ్డా,

నీ ఉత్తరం నిన్న అందింది. కథలు పద్నాలుగు అయ్యాయని, నలభై ఐదు వేలు కడితే ఐదు వందల కాపీలు వేసిస్తానని ఒకాయన అన్నాడని రాశావు. కట్టకు. ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతా సంగతులు రాస్తాను.

నీ పైసలతో వేసేవాడికి రావలసింది నువ్వు కట్టిన రోజే వచ్చేస్తుంది. పుస్తకం అమ్ముడుపోయినా పోకపోయినా ఆయనకు ఒకటే. తన పైసలు పెట్టినవాడైతే అమ్ముకోవడానికి తిరుగుతాడు. నా మొదటి పుస్తకం నేను అట్లా కట్టే వేయించాను. కట్టలు ఆటోలో ఇంటికి వచ్చాయి, అటకెక్కాయి. ఎనిమిదేళ్ల తర్వాత మీ పెద్దమ్మ ఒక కట్ట దించింది. సుతిలి బిగిసిన చోట అట్టలు కోసుకుపోయాయి. కింది పుస్తకాలకు చెదలు పట్టింది. ఆ పూట నాకు బువ్వ సయించలేదు. నీకు ఆ బాధ రావద్దు.

ముందు కథలను పత్రికలకు పంపు. ఆదివారం అనుబంధాల్లోనో మాసపత్రికల్లోనో నాలుగైదన్నా వస్తే, నిన్ను ఎన్నడూ చూడని ప్రచురణకర్త కూడా నీ కట్ట విప్పుతాడు. ఏ కథ ఎక్కడ, ఏ నెలలో వచ్చిందో నోటుబుక్కులో రాసి పెట్టుకో.

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్ పెడతారు కదా, ఒకరోజు పోయి రా. ఆదివారం వద్దు, నిలబడే జాగ ఉండదు. అమ్మకాల నడుమ ఎవరి చేతిలోనూ నీ ఫైలు పెట్టకు. ఏ స్టాలులో నీలాంటి కథలు ఉన్నాయో చూడు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980 నుంచి వేస్తున్న పుస్తకాల తీరు వేరు, కొత్తవాళ్ల కథలు, నవలలు వేసే అన్వీక్షికి తీరు వేరు. నీకు నచ్చిన నాలుగు పుస్తకాల్లో మొదటి పేజీలు తిప్పి, వేసినవాళ్ల పేరు, అడ్రసు రాసుకో. పంపాల్సింది వాళ్లకే. కవిత్వం వేసేవాళ్లకు కథలు పంపి బాధపడితే ఏం లాభం?

పద్నాలుగూ పంపాలని లేదు. పది చాలు. కథలన్నీ యూనికోడ్‌లో టైపు చేసిన ఒకటే ఫైలుగా పెట్టు. పైన ఒక పేజీ ఉత్తరం: నువ్వెవరు, కథలు ఎవరి గురించి, ఎన్ని పేజీలు, ఏవి ఎక్కడ అచ్చయ్యాయి. అంతే. నన్ను ముందుమాట రాయమని ఇప్పుడే అడగకు, అది ఒప్పుకున్నాక చూసుకోవచ్చు. మూడు నెలలు ఆగి ఒక్కసారి ఫోన్ చెయ్యి. వద్దంటే టెన్షన్ పడకు, ఇంకొకరికి పంపు.

ఒప్పుకున్నారంటే కాగితం రాసుకోవాలి. మనవాళ్లు మొహమాటపడేది ఇక్కడే. నోటి మాటతో హక్కులు ఇవ్వకు. కాపీరైటు నీ పేరునే ఉండాలి. ఎన్నేళ్లకు ఇస్తున్నావో రాయించు. రాయకపోతే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఐదేళ్లుగా లెక్క. ఎన్ని కాపీలు వేస్తారు, రాయల్టీ (అమ్మకంలో నీ వాటా) ఎంత శాతం, ముద్రిత ధర మీదనా అమ్మిన సొమ్ము మీదనా, లెక్క ఏ నెలలో చూపిస్తారు, నీకు ఉచితంగా ఎన్ని ఇస్తారు, ఇవన్నీ అడుగు. అనువాదం, ఆడియో, ఈ-బుక్, సినిమా హక్కులను ఒక్క వాక్యంలో కలిపి రాస్తే విడగొట్టమను. ఐఎస్‌బీఎన్ నంబరును, అంటే ప్రతి పుస్తకానికి వేరుగా ఉండే గుర్తింపు నంబరును, మన దేశంలో ప్రభుత్వ సంస్థ ఉచితంగానే ఇస్తుంది. దానికి పైసలు అడిగితే అక్కడే ఆగు.

ఇంకొక సంగతి, నాకు అన్నిటికంటె ముఖ్యమైనది. ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దే పేజీలు, నువ్వే చూడు, అదీ కాగితం మీద. నా కథలో ముసలవ్వ "తొవ్వ మరిచినవా కొడుకా" అంటుంది. ప్రూఫులు దిద్దినాయన "దారి మరిచావా నాయనా" అని మార్చాడు. అచ్చయ్యాక గాని నేను చూడలేదు. ఆ అవ్వ నా కథలో నుంచి లేచిపోయినట్టే అనిపించింది. అక్షరదోషం దిద్దితే దండం పెట్టు, ఎడిటర్ ఒక పేరా తీసెయ్యమంటే వారం రోజులు ఆలోచించు, నీ పాలమూరు మాట మారిస్తే మాత్రం ఒప్పుకోకు. తెలంగాణలో కవులే లేరన్నందుకు మీ పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి చూపించారు. ఆ జిల్లా మాటను నువ్వు దిద్దించుకుంటావా?

ఆ నలభై ఐదు వేలాయనకు ఈ వారమే వద్దని చెప్పు. వలసపోయిన తల్లి కథ ఉంది చూడు, దాన్ని ముందు నాకు పంపు. చివరి పేజీ మీద నాకు అనుమానం ఉంది, పెన్సిలుతో గుర్తు పెట్టి పంపుతాను.

మీ పెద్దనాయన