వర్కర్ లేచాక ఇన్‌స్టాల్ చేయాలా, ముందే ఇమేజ్‌లో పెట్టేయాలా? బీమ్ పైప్‌లైన్‌తో నేను తిన్న దెబ్బలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. స్కాన్ చేసిన తెలుగు పీడీఎఫ్‌లను టెసరాక్ట్‌తో (బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చే ప్రోగ్రామ్) చదివించే అపాచీ బీమ్ (పెద్ద డేటాను దశలవారీగా నడిపించే లైబ్రరీ) పైథాన్ పైప్‌లైన్‌ను గూగుల్ డేటాఫ్లోలో, అంటే ఆ పనిని క్లౌడ్‌లో చాలా మెషిన్లకు (వర్కర్లకు) పంచే సర్వీస్‌లో, నడుపుతున్నారు. టెసరాక్ట్‌నీ, పీడీఎఫ్ పేజీలను బొమ్మలుగా మార్చే పాప్లర్‌నీ సెటప్ డాట్ పీవై ఫైల్లో ఆప్ట్-గెట్ (డెబియన్ లినక్స్‌లో ప్యాకేజీలు పెట్టే) కమాండ్లు రాసి వర్కర్ల మీద ఇన్‌స్టాల్ చేయిస్తున్నారు. వర్కర్ లేవడానికే నిమిషాలు పడుతోంది, ఒక్కోసారి జాబ్ అక్కడే ఫెయిలవుతోంది. కావలసినవన్నీ ముందే పెట్టి మూటకట్టిన సొంత కంటైనర్ ఇమేజ్ కట్టుకుంటే పడే శ్రమకి ఫలితం ఉంటుందా, కడితే చిన్నగా ఉంటుందని అందరూ చెప్పే ఆల్పైన్ లినక్స్ మీద కట్టాలా అని అడిగారు.

కట్టుకోండి. ఆల్పైన్ మాత్రం వద్దు.

ఇంతటితో ఆపేయొచ్చు గానీ, పాత పత్రికల స్కాన్‌లతో అచ్చం ఇలాంటి పైప్‌లైన్‌నే నేను రెండేళ్లు నడిపాను, అందుకని కాస్త వివరంగా రాస్తున్నా. కమాండ్లు బీమ్ డాక్యుమెంటేషన్‌లో ఉన్నాయి, వాటిని ఇక్కడ తిరగరాయను. ఎక్కడ ఇరుక్కుంటామో, ఎందుకు ఇరుక్కుంటామో చెప్తాను.

ముందు మీ ఇప్పటి పద్ధతిలో జరిగేది చూడండి. సెటప్ ఫైల్లో రాసినదంతా ప్రతి వర్కర్ మీదా, అది లేచిన ప్రతిసారీ జరుగుతుంది. పని పెరిగి ఆటోస్కేలింగ్ ఇరవై వర్కర్లను లేపిందంటే, ఇరవై మెషిన్లూ విడివిడిగా ప్యాకేజీల జాబితా తెచ్చుకుని, విడివిడిగా టెసరాక్ట్ దింపుకుంటాయి. పెళ్లి వంటకి వచ్చిన వాళ్లలో ఒక్కొక్కరూ బజారుకెళ్లి ఎవరి కందిపప్పు వాళ్లు కొనుక్కొచ్చినట్టు ఉంటుంది. ఆ మెషిన్ల అద్దె మాత్రం లేచిన క్షణం నుంచే తిరుగుతుంటుంది. ఇరవైలో ఒక్కదానికి ఆ సమయంలో మిర్రర్ (ప్యాకేజీలు దింపుకునే సర్వర్) అందకపోతే అది పడుతూ లేస్తూ ఉంటుంది, లాగ్‌లో మాత్రం మీ కోడ్‌కి సంబంధించిన ముక్క ఒక్కటీ కనపడదు.

నిజం చెప్పాలంటే మేమూ తెలివితో మారలేదు, బలవంతాన మారాం. భద్రత కోసమని వర్కర్లకు బయటి ఐపీలు తీసేశారు. మర్నాడు పొద్దున్నకల్లా ఒక్క జాబూ లేవలేదు, ఎందుకంటే పైథాన్ ప్యాకేజీలు దొరికే పైపీఐకి గానీ డెబియన్ మిర్రర్‌కి గానీ దారి లేదు. ఆ వారమే మొదటి ఇమేజ్ కట్టాను.

కట్టడానికి రెండు దారులున్నాయి. బీమ్ వాళ్లే ఇచ్చే పైథాన్ ఎస్‌డీకే ఇమేజ్‌ను బేస్‌గా తీసుకుని దాని మీద మీకు కావలసినవి పెట్టుకోవడం ఒకటి. మీకు నచ్చిన బేస్ తీసుకుని, బీమ్ ఇమేజ్‌లో ఓపీటీ కింద ఉండే అపాచీ బీమ్ ఫోల్డర్‌ను అందులోకి కాపీ చేసుకుని, ఎంట్రీపాయింట్‌గా (కంటైనర్ లేవగానే నడిచేది) ఆ ఫోల్డర్‌లోని బూట్ ప్రోగ్రామ్‌ను పెట్టడం రెండోది. ఈ దారిలో బీమ్ ప్యాకేజీని కూడా పిప్‌తో మీరే ఇన్‌స్టాల్ చేసుకోవాలి. మొదటిసారి కడుతుంటే మొదటి దారే మేలు. నేను రెండోదానితో మొదలుపెట్టి ఎంట్రీపాయింట్ పెట్టడం మర్చిపోయాను. కంటైనర్ లేస్తోంది, చేయడానికి పనేమీ లేక వెంటనే ఆగిపోతోంది, మళ్లీ లేస్తోంది. జాబ్ పేజీలో మాత్రం నింపాదిగా ‘రన్నింగ్’ అని పచ్చగా కనిపిస్తోంది. సగం రోజు పోయింది.

వెర్షన్ల సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. జాబ్‌ను ఏ మెషిన్ మీంచి పంపుతున్నారో అక్కడి బీమ్ వెర్షన్, పైథాన్ మైనర్ వెర్షన్ ఇమేజ్‌లో ఉన్నవాటితో సరిపోవాలి. బీమ్ మీ ఫంక్షన్లను పికిల్ చేసి (బైట్లుగా మార్చి) వర్కర్లకు పంపుతుంది కాబట్టి ఇక్కడ 3.10, అక్కడ 3.11 ఉంటే అటువైపు విప్పుకోలేదు. చాలామంది ఇమేజ్‌ను శ్రద్ధగా కట్టి, జాబ్‌ను తమ లాప్‌టాప్‌లో ఎప్పటిదో పాత ఎన్విరాన్‌మెంట్ నుంచి పంపేస్తారు. ఆ జంజాటం లేకుండా మేము జాబ్‌ను కూడా అదే ఇమేజ్ లోపలి నుంచే పంపడం అలవాటు చేసుకున్నాం.

ఇక ఆల్పైన్. అది చిన్నదే, కాదనను. కానీ అందులో ఉండే సీ లైబ్రరీ మజిల్, డెబియన్‌లో లాగా గ్లిబ్‌సీ కాదు. పైథాన్ ప్యాకేజీలు ముందే కంపైల్ చేసి పెట్టిన వీల్స్‌లో ఎక్కువ భాగం గ్లిబ్‌సీ కోసం కట్టినవి. మజిల్ వీల్స్‌కి 2021లో పెప్ 656తో (పైథాన్ ప్రతిపాదన పత్రం) ఒక ప్రమాణం వచ్చింది, చాలా ప్యాకేజీలు ఇప్పుడు ఇస్తున్నాయి కూడా. కానీ మీకు కావలసిన నలభైలో ఒక్కదానికి లేకపోయినా దాన్ని సోర్స్ నుంచి కంపైల్ చేయాలి, అందుకు కంపైలర్లూ హెడర్లూ అన్నీ దింపాలి. చివరికి మిగిలేది పెద్దగా ఉండదు, బిల్డ్ మాత్రం టీ తాగొచ్చినా అవ్వదు. డేటా పనికి డెబియన్ స్లిమ్ చాలు.

సైజు తగ్గించాలనుకుంటే అసలు బరువు వేరేచోట ఉంటుంది. నా మొదటి ఇమేజ్ 3 జీబీ దాటింది. ఏమైందా అని, ఇమేజ్‌లు కట్టే టూల్ డాకర్‌లో హిస్టరీ కమాండ్‌తో చూస్తే, టెస్టింగ్ కోసం పెట్టుకున్న శాంపిల్ పీడీఎఫ్‌ల ఫోల్డర్ మొత్తం కాపీ అయిపోయి ఉంది. ఏవి కాపీ కాకూడదో చెప్పే డాకర్ ఇగ్నోర్ ఫైల్ రాయలేదు మరి. తెలివిగా తర్వాతి లైనులో ఆ ఫోల్డర్‌ను తీసేశాను, సైజు ఒక్క ఎంబీ తగ్గలేదు. డాకర్‌ఫైల్లో (ఇమేజ్ ఎలా కట్టాలో రాసే ఫైలు) ఫైళ్లు మార్చే ఒక్కో లైనూ ఒక లేయర్ అవుతుంది, ఒక లేయర్‌లో పెట్టినదాన్ని ఇంకో లేయర్‌లో చెరిపితే అది కనపడకుండా పోతుందంతే, బరువు అక్కడే ఉంటుంది. అందుకే ఆప్ట్ జాబితాల శుభ్రం కూడా ఇన్‌స్టాల్ చేసిన రన్ లైనులోనే జరగాలి.

ఇంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకోటి ఉంది. అదే కాపీలో ఒక సర్వీస్ అకౌంట్ కీ ఫైల్ కూడా లోపలికి వెళ్లిపోయింది. పైపైన చెరిపినా పాత లేయర్ విప్పితే దొరుకుతుంది. ఆ కీని రద్దుచేసి కొత్తది తీసుకోవాల్సి వచ్చింది. వర్కర్ సర్వీస్ అకౌంట్‌కే నేరుగా అనుమతులు ఇస్తే ఇమేజ్‌లో కీ ఉండాల్సిన అవసరమే లేదు.

లైన్ల వరుస గురించి ఒక్క మాట: అరుదుగా మారేవి పైన, రోజూ మారేవి కింద. ఆప్ట్ ప్యాకేజీలు ముందు, రిక్వైర్‌మెంట్స్ ఫైలు తర్వాత, మీ కోడ్ చివర్న. అలా పెడితే కోడ్‌లో చిన్న మార్పుకి బిల్డ్ సెకన్లలో అయిపోతుంది.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించిన సంగతి. మా బేస్ లైనులో పైథాన్ 3.11 స్లిమ్ అని మాత్రమే ఉండేది. వెర్షన్ రాశాం కదా, చాలనుకున్నాం. 2023 జూన్‌లో డెబియన్ 12 విడుదలైంది. దాంతో అదే ట్యాగ్ (ఇమేజ్ పేరుకి తగిలించే ముక్క) డెబియన్ 11 మీంచి 12 మీదకి మారిపోయింది. పైథాన్ అదే 3.11, కింద ఇల్లే మారింది. డెబియన్ 11లో టెసరాక్ట్ 4.1.1 ఉంటుంది, 12లో 5.3.0. మేము ఆ సమయంలో ఒక లాగ్ మెసేజ్‌లో అక్షరదోషం సరిచేసి ఇమేజ్ మళ్లీ కట్టాం. అంతే చేశాం. బిల్డ్ పచ్చగా వచ్చింది, జాబ్ పచ్చగా నడిచింది.

మర్నాడు మా టీమ్‌లో కుర్రాడు వచ్చి, “అన్నా, రాత్రి వచ్చిన పేజీలన్నీ కొత్తవేనా? ఒక్క డూప్లికేట్ కూడా దొరకలేదు” అన్నాడు. మేము డూప్లికేట్లను పేజీ టెక్స్ట్ హ్యాష్‌తో (టెక్స్ట్ నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) పట్టుకునేవాళ్లం. కొత్త టెసరాక్ట్ కొన్ని ఒత్తులు ఇంకాస్త బాగా చదువుతోంది, కొన్నిచోట్ల ఖాళీలు వేరేగా పెడుతోంది. నాణ్యత పెరిగిందనే చెప్పాలి. కానీ ఒక్క అక్షరం మారినా హ్యాష్ మొత్తం మారిపోతుంది కదా, దాంతో అంతకుముందు చూసిన పేజీలన్నీ మళ్లీ కొత్తగా లోపలికొచ్చేశాయి. కోడ్‌లో తప్పెక్కడుందా అని రెండు రోజులు వెతికాం. గిట్‌లో చూస్తే మారింది ఒక్క అక్షరదోషమే! చివరికి పాత ఇమేజ్‌నీ కొత్త ఇమేజ్‌నీ పక్కపక్కన నడిపి, రెంటిలోనూ టెసరాక్ట్ వెర్షన్ అడిగితే గానీ తెలియలేదు.

అప్పటినుంచి బేస్ పేరులో డెబియన్ పేరు కూడా రాస్తాను, బుక్‌వార్మ్ (డెబియన్ 12) అని. దాంతోపాటు షా256 డైజెస్ట్ (ఆ ఇమేజ్‌లో ఉన్నదాని వేలిముద్ర) కూడా పెడతాను, ఎందుకంటే ట్యాగ్‌ను ఎవరైనా ఇంకోచోటికి తిప్పొచ్చు, డైజెస్ట్‌ను తిప్పలేరు. పైథాన్ ప్యాకేజీలన్నిటికీ, వాటి వెనకొచ్చేవాటికి కూడా, ఖచ్చితమైన వెర్షన్లు రాస్తాను. మా ఇమేజ్‌కి ట్యాగ్‌గా గిట్ కమిట్ నంబర్ పెడతాం, లేటెస్ట్ అనే మాట మా దగ్గర నిషేధం. దీనివల్ల సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవి రావన్నది నిజమే. నెలకోసారి కూర్చుని బేస్ మార్చి, ఒక యాభై పేజీల నమూనా మీద పాత ఫలితంతో పోల్చి చూసి, అప్పుడు పంపుతాం. మార్పు వద్దని కాదు, మనం చూస్తుండగా రావాలంతే.

అదే ఊపులో ఇంకో అలవాటు చేసుకున్నాం: వర్కర్ మీద ఫెయిలయ్యే అవకాశం ఉన్నదేదైనా బిల్డ్‌లోనే ఫెయిలయ్యేలా చూడడం. డాకర్‌ఫైల్ చివర్లో, ప్యాకేజీల వెర్షన్లు ఒకదానికొకటి సరిపోతున్నాయా అని చూసే పిప్ చెక్ నడుపుతాం. టెసరాక్ట్‌ను భాషల జాబితా అడిగి అందులో టెల్ (తెలుగు కోడ్) ఉందో లేదో చూస్తాం, లేకపోతే బిల్డ్ ఆగిపోతుంది. డెబియన్‌లో టెసరాక్ట్ పెట్టినంతమాత్రాన తెలుగు రాదు, తెలుగు ప్యాకేజీ విడిగా పెట్టాలి. డెబియన్ ప్యాకేజీలో వచ్చే మోడల్ ఫాస్ట్ రకం. బెస్ట్ రకం నిదానంగా నడుస్తుంది గానీ పాత అచ్చుకి నయం. అది కావాలంటే ఆ ఫైలును బిల్డ్ సమయంలోనే ఇమేజ్‌లోకి తెచ్చి చెక్‌సమ్ సరిచూడండి, వర్కర్ లేచాక దింపుకునే పని పెట్టకండి.

మీకు వెంటనే పనికొచ్చేది ఒకటుంది. డేటాఫ్లో మామూలుగా ఒక్కో వీసీపీయూకి ఒక్కో పైథాన్ ప్రాసెస్ లేపుతుంది. టెసరాక్ట్ 4 నుంచీ ఒక్కో పేజీకి ఓపెన్ఎంపీతో (పనిని థ్రెడ్లకు పంచే పద్ధతి) నాలుగు థ్రెడ్లదాకా వాడుకుంటుంది. నాలుగు కోర్ల మెషిన్ మీద పదహారు థ్రెడ్లు కొట్టుకుంటుంటే సీపీయూ నూరు శాతం కనిపిస్తుంది, పేజీలు మాత్రం కదలవు. ఓఎంపీ థ్రెడ్ లిమిట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను డాకర్‌ఫైల్లో 1 అని పెట్టండి. ఇన్ని వారాల నా కష్టంలో వేగం విషయంలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ ఒక్క లైనే.

మెమరీకీ ఇదే లెక్క. మీరు కోడ్‌లో పెద్ద మోడల్ ఏదైనా లోడ్ చేస్తుంటే అది ప్రాసెస్‌కి ఒకటి చొప్పున లోడ్ అవుతుంది. కంటైనర్ 137 కోడ్‌తో పోతుంటే ముందు మెమరీనే అనుమానించండి. 128కి కిల్ సిగ్నల్ నంబర్ 9 కలిపితే వచ్చేదే ఆ 137.

చిన్నచిన్నవి కొన్ని. ఎం సిరీస్ చిప్ ఉన్న మాక్‌లో కట్టిన ఇమేజ్ ఏఆర్ఎమ్‌ది అవుతుంది, మామూలు డేటాఫ్లో మెషిన్ మీద ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ అని పడిపోతుంది. బిల్డ్‌లో ప్లాట్‌ఫామ్‌ను ఏఎండీ64 అని చెప్పండి, లేదంటే క్లౌడ్ బిల్డ్‌లో కట్టండి. ఇమేజ్‌ను జాబ్ నడిచే రీజియన్‌లోనే ఆర్టిఫ్యాక్ట్ రిజిస్ట్రీలో (గూగుల్‌లో ఇమేజ్‌లు దాచుకునే చోటు) పెట్టి, వర్కర్ సర్వీస్ అకౌంట్‌కి చదివే అనుమతి ఇవ్వండి. బేస్ ఇమేజ్‌ల కాపీ కూడా అక్కడే ఉంచుకుంటే మంచిది, డాకర్ హబ్‌లో 2020 చివరి నుంచీ ఉచిత పుల్స్‌కి పరిమితి ఉంది. కంటైనర్ గడియారం యూటీసీలోనే ఉంటుంది, దాన్ని మార్చకండి. తేదీ కావలసినచోట కోడ్‌లోనే కోల్‌కతా టైమ్‌కి మార్చుకోండి. మేము అది చేయక, రాత్రి రెండింటికి నడిచిన జాబ్ ఫలితాలన్నీ నిన్నటి తేదీ ఫోల్డర్‌లోకి వెళ్లాయి.

ఇంకొకటి, ఇది చాలామంది చేసే పొరపాటు: ఇమేజ్ కట్టాక కూడా పాత సెటప్ ఫైలు, రిక్వైర్‌మెంట్స్ ఫైలు ఆప్షన్లను జాబ్ కమాండ్‌లో అలాగే వదిలేస్తారు. అవి ఉన్నంతకాలం వర్కర్ లేచాక ఇన్‌స్టాల్ జరుగుతూనే ఉంటుంది, పైగా ఇమేజ్‌లో పెట్టిన వెర్షన్ మీద ఇంకోటి వచ్చి కూర్చోవచ్చు. మీ కోడ్‌ను కూడా ప్యాకేజీగా ఇమేజ్‌లోనే ఇన్‌స్టాల్ చేసి ఆ రెండు ఆప్షన్లూ తీసేయండి. ఎస్‌డీకే కంటైనర్ ఇమేజ్ ఆప్షన్‌లో మీ ఇమేజ్ పేరు, ఎస్‌డీకే లొకేషన్‌లో కంటైనర్ అని ఇవ్వండి. డేటాఫ్లోలో ఇలాంటి కంటైనర్లను నడిపే రన్నర్ వీ2 ఆన్‌లో ఉండాలి.

మొత్తానికి ఇది అందరికీ అవసరమా అంటే, కాదు. రెండు మూడు చిన్న పైథాన్ ప్యాకేజీలే ఉండి, రోజుకోసారి ఒకే వర్కర్‌తో నడిచే జాబ్ అయితే రిక్వైర్‌మెంట్స్ ఫైలుతో హాయిగా గడిచిపోతుంది. ఇమేజ్ కడితే దాన్ని చూసుకునే పని కూడా నెత్తిన పడుతుంది. మీకు మాత్రం ఆప్ట్ ప్యాకేజీలున్నాయి, ఆటోస్కేలింగ్ ఉంది, కాబట్టి తప్పదు.

మొదలుపెట్టే ముందు ఇమేజ్‌ను మీ మెషిన్ మీద బాష్‌తో తెరిచి, లోపల ఒక్క పీడీఎఫ్‌ను చేత్తో నడిపి చూడండి. తర్వాత బీమ్ పోర్టబుల్ రన్నర్‌కి దాన్నే డాకర్ ఎన్విరాన్‌మెంట్‌గా ఇచ్చి పది ఫైళ్లు, ఆ తర్వాత డేటాఫ్లోలో ఒకే వర్కర్‌తో వంద. అక్కడ ఆగిపోతే వర్కర్ స్టార్టప్ లాగ్‌లోని చివరి ఇరవై లైన్లు, మీ డాకర్‌ఫైల్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. ప్రాజెక్ట్ పేరు, బకెట్ పేర్లు తీసేసి పెట్టండేం.