కమాను మీది బరువు చూడు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

హైదరాబాద్ పాతబస్తీ కట్టడాలు చూడాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు కదా. చార్మినార్ దగ్గర మొదలుపెట్టి ఉత్తరంగా మొజంజాహీ మార్కెట్ దాకా నడువు, సుమారు రెండున్నర కిలోమీటర్లు. ఇటువైపు నడిస్తే కాలం కూడా 1591 నుంచి 1935 దాకా వరసగా వస్తుంది. ఆదివారం పొద్దున ఏడింటికల్లా అక్కడుండు. పదకొండు దాటిందంటే షట్టర్లు లేస్తాయి, బట్టలు బయట వేలాడతాయి, తోపుడుబండ్లు అడ్డమొస్తాయి, కింది అంతస్తు ఇక కనపడదు. శుక్రవారం మాత్రం వద్దు. మక్కా మసీదు దగ్గర జుమ్మా నమాజు రద్దీ, చౌమహల్లాకూ సాలార్‌జంగ్ మ్యూజియానికీ సెలవు.

అన్నీ చూసేయాలన్న ఆరాటం పెట్టుకోకు. ప్రతిచోటా ఒకటే అడుగు: తలుపో కిటికీయో కమానో, ఆ ఖాళీ మీద పడే బరువును ఏది మోస్తోంది?

చార్మినార్‌ను తూర్పున సర్దార్ మహల్ వైపు నుంచి చూడు, పొద్దుటి ఎండ ఆ ముఖం మీదే పడుతుంది. ఉత్తరాన గుల్జార్ హౌజ్ వైపు నుంచి ఫొటో తీస్తే నీడే మిగులుతుంది, చలికాలం మరీను. కమాను అంచు వెంట చూపు నడిపించు. రాయికీ రాయికీ మధ్య అతుకు ఎక్కడా తెలియదు. లోపల రాయీ డంగు సున్నమూ, పైన సున్నపు గార. పువ్వులూ రేకులూ ఆ గారలో దిద్దినవే. పెచ్చులూడటం గారకున్న జబ్బు. 2019 మేలో ఒక మినారు నుంచి అలాగే ఓ ముక్క ఊడిపడింది.

చుట్టుపక్కల పాత గోడలకు ఎక్కడెక్కడ సిమెంటు పూశారో కూడా వెతుకు. సున్నం తడిని పీల్చి వదిలేస్తుంది. సిమెంటు లోపలి తడిని బయటికి పోనివ్వదు, ఆ తడి పక్కదారి చూసుకుంటుంది. అందుకే సిమెంటు ముక్క గట్టిగానే ఉంటుంది, దాన్ని ఆనుకున్న పాత సున్నం ఉప్పు తేలి పొడిపొడిగా రాలుతుంది. గోటితో గీకి మాత్రం చూడకు.

చార్ కమాన్ అనే నాలుగు కమాన్ల నడుమ ఒక చుట్టు తిరిగి, వాటిలో ఉత్తరపుదైన మచ్లీ కమాన్ దాటి పత్తర్‌గట్టిలోకి వెళ్లు. ఇక్కడ తొందరపడకు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఈ బజారుకు రెండు వైపులా రాతి మడిగెలు కట్టించింది. ఎదుటి వైపు నిలబడి పై అంతస్తు చూడు. కింది భాగాన్ని బోర్డులు మింగేశాయి, పైన వరస ఇంకా తెలుస్తుంది. కమానులో ఒక్కో రాయినీ కింద సన్నగా, పైన వెడల్పుగా చెక్కి పేర్చారు. వేలు చూపించి లెక్కపెట్టొచ్చు. చార్మినార్ దగ్గర గార కప్పేసిన పని ఇక్కడ బయటే ఉంది.

మూసీ మీది వంతెన నయాపూల్ చేరాక ఓ చిట్కా. ఇంగ్లీషు వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ పేరు చెప్పుకునే హైకోర్టు దక్షిణపు గట్టున, ఉస్మానియా ఆస్పత్రి ఉత్తరపు గట్టున ఉన్నాయి. ఒకదాన్ని రెండోదాని గట్టు నుంచి చూస్తేనే గుమ్మటాల పొందిక తెలుస్తుంది, దగ్గరికెళ్తే ప్రహరీయే అడ్డు. కోర్టు గేటు ముందు కెమెరా తీయకు, ఆస్పత్రిలో రోగుల ఫొటోలు అసలే వద్దు.

అఫ్జల్‌గంజ్ దాటి మొజంజాహీ మార్కెట్ చేరాక అంతా మళ్లీ బయటికి కనిపించే రాయే, గ్రానైటు. అక్కణ్ణుంచి ఆబిడ్స్ వైపు తిరిగితే కమాను మాయం. కాంక్రీటు దూలం అడ్డంగా పరుచుకుంటుంది, ఛజ్జాలు, అంటే కిటికీల మీద ముందుకు పొడుచుకొచ్చిన ఎండ కప్పులు, పట్టీల్లా సాగుతాయి, మూలలు గుండ్రమవుతాయి.

కొత్త నగరం వేరే రోజుకు ఉంచు. గాంధీభవన్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే హైటెక్ సిటీ. 1998 నాటి సైబర్ టవర్స్‌తో మొదలుపెట్టు. ఇటువైపు అద్దాల భవనాల్లో బయటి గోడ ఏ బరువూ మోయదు, అంతా స్తంభాలూ స్లాబులే. సాయంత్రం నాలుగింటికి పడమటి ముఖాన ఎన్ని కిటికీలకు తెరలు దించారో చూడు, ఛజ్జా లేని లోటు ఏమిటో తెలుస్తుంది. దీనికి ఆదివారం పనికిరాదు, ఆఫీసులు నడిచే రోజే వెళ్లు.