కెటిల్‌లో సున్నం ఏ కొండది?

స్విట్జర్లాండ్‌లో ఉద్యోగం వచ్చి కొత్తగా దిగిన మనవాళ్ళు అడిగేవి దాదాపు ఒకే రకం ప్రశ్నలు. కెటిల్ అడుగున తెల్లగా పేరుకుంటోంది, ఈ నీళ్ళు తాగొచ్చా అన్నా? కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా ఉడకట్లేదు, ఏ షాపులో కొనాలి? వీకెండ్‌కి టిట్లిస్ కొండ మంచిదా, యుంగ్‌ఫ్రావ్ కొండ మంచిదా? విడివిడిగా జవాబులు చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది. కాళ్ళ కింద ఏ రాయి ఉందో తెలిస్తే వీటిలో సగం సందేహాలు వాటంతటవే తీరతాయి. అందుకే ఈసారి పర్మిట్లూ పన్నులూ పక్కన పెట్టి ఆల్ప్స్ గురించి చెబుతాను.

ముందు దేశం పటం చూడండి. వాయవ్యాన జూరా కొండలు, దక్షిణాన ఆల్ప్స్, రెండింటి నడుమ మిట్టెల్‌లాండ్ అనే పీఠభూమి. జెనీవా, లోజాన్, బెర్న్, జ్యూరిక్ అన్నీ ఈ నడిమి పట్టీలోనే ఉన్నాయి కాబట్టి మనలో చాలామంది కాపురం ఇక్కడే. దేశ విస్తీర్ణంలో ఆల్ప్స్ వాటా సుమారు 60 శాతం, జూరాది 10 శాతం. మిగిలిన 30 శాతంలో జనం కిక్కిరిసి ఉంటారు, అద్దెలు అలా మండిపోవడానికి అదీ ఒక కారణం. మొత్తం ఆల్ప్స్ నీస్ నగరం దగ్గర నుంచి వియన్నా దాకా దాదాపు 1,200 కిలోమీటర్ల విల్లు. ఎనిమిది దేశాలు దాన్ని పంచుకుంటున్నాయి.

ఆఫ్రికా వైపు నుంచి వచ్చిన భూఫలకం యూరప్‌ను నెట్టింది. రెండింటి మధ్య ఉన్న టెథిస్ సముద్రం మూసుకుపోయింది. దాని అడుగున కోట్ల ఏళ్ళు పేరుకున్న సున్నపు బురద రాయై, ముడతలు పడి, విరిగి, దొంతరలుగా ఒకదానిపైకి ఒకటి ఎక్కింది. హిమాలయాలదీ ఇలాంటి కథే, అక్కడ నెట్టింది మన ఫలకం. హైదరాబాద్ గ్రానైట్ గుట్టల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు, వాటి పక్కన ఆల్ప్స్ పసిపిల్లలు. కొన్నిచోట్ల ఇప్పటికీ ఏడాదికి ఒక మిల్లీమీటరు పైనే పెరుగుతున్నాయి. పెరిగే కొండ ఊరికే ఉండదు, రాలుతుంది, జారుతుంది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు కెటిల్. మిట్టెల్‌లాండ్ భూగర్భజలం చాలావరకు హిమానీనదాలూ నదులూ కొండల నుంచి దొర్లించుకొచ్చిన కంకరలో ఉంటుంది. ఆ కంకరలో సున్నపురాయి పాలు ఎక్కువ. వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త ఆమ్లంగా మారి, ఆ రాయిని కరిగించుకుంటూ దిగుతుంది. మీరు నీళ్ళు మరగబెట్టగానే ఆ సున్నం మళ్ళీ బయటపడుతుంది. తాగడానికి ఏ ఇబ్బందీ లేదు, ఇండియా నుంచి ఫిల్టర్ మోసుకురావాల్సిన పనీ లేదు. వెనిగర్ వేసి మరిగించండి, లేదా సూపర్ మార్కెట్‌లో ఎంట్‌కాల్కర్ అని అడగండి. కందిపప్పు ఉడకనిదీ ఈ సున్నం వల్లే: నీళ్ళలోని కాల్షియం పప్పుని మెత్తబడనివ్వకుండా గట్టిపరుస్తుంది. ముందు నానబెట్టి, చిటికెడు వంటసోడా వేసి, ఉప్పూ చింతపండూ చివర్లో వేయండి. జ్యూరిక్ నగరంలో సరఫరా అయ్యేది ఎక్కువగా సరస్సు నీరే కాబట్టి అక్కడ కొంచెం నయం. ఆల్ప్స్ దాటి దక్షిణాన టిచీనో వైపు వెళితే నేల ఎక్కువగా నైస్ అనే, సున్నం తక్కువున్న గట్టి రాయి, అందుకే అక్కడి నీటిలోనూ సున్నం తక్కువ. బట్టల పౌడర్ డబ్బా మీద నీటి కాఠిన్యాన్ని బట్టి ఎంత వేయాలో రాసి ఉంటుంది. మీ మునిసిపాలిటీ వెబ్‌సైట్లో అంకె చూసి దాని ప్రకారం వేయండి.

ఇక వీకెండ్. టిట్లిస్, యుంగ్‌ఫ్రావ్ టికెట్ల ధరలు పోల్చుకోవడంలోనే మనవాళ్ళకి వేసవి అయిపోతుంది. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్, అంటే రైలెక్కి వెళ్ళే యుంగ్‌ఫ్రావ్ కనుమ, ఒకసారి చూడండి, తప్పులేదు. 3,454 మీటర్ల ఎత్తు స్టేషన్ నుంచి దాదాపు 20 కిలోమీటర్ల అలెచ్ హిమానీనదం మొదలయ్యే చోటు చూడటం చిన్న విషయం కాదు. కానీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు బీపీ, గుండె జబ్బు ఉంటే డాక్టరును అడగకుండా అక్కడికి తీసుకెళ్ళకండి. గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే మూడో వంతు తక్కువ, రైలు మిమ్మల్ని రెండు మూడు గంటల్లో అక్కడ దింపేస్తుంది. పెద్దవాళ్ళకి రిగీ కొండ చాలు, 1,798 మీటర్లు, 1871లో మొదలైన పళ్ళ చక్రాల రైలు 1873 నుంచీ పైదాకా వెళుతోంది. అక్కడ దిగాక రాతిని ఒకసారి దగ్గరగా చూడండి. గులకరాళ్ళను సిమెంటులో వేసి పోత పోసిన కాంక్రీటులా ఉంటుంది. దాన్ని నాగెల్‌ఫ్లూ అంటారు. ఆల్ప్స్ లేస్తూ ఉండగానే నదులు వాటిని కోసి తెచ్చి పోసిన గులకరాళ్ళవి.

కాలినడకన వెళ్ళేవాళ్ళకి నా సలహా, శిఖరం పేరు కన్నా ముందు రాయి పేరు తెలుసుకోండి. ప్రభుత్వ పటాల సంస్థ స్విస్‌టోపో ఆన్‌లైన్ పటంలో భూగర్భ పొర ఆన్ చేస్తే రంగుల్లో కనిపిస్తుంది. సెంటిస్ లాంటి సున్నపురాయి కొండల మీద వాన పడగానే నీరు పగుళ్ళలోకి ఇంకిపోతుంది. ఎండాకాలం గంటలు నడిచినా వాగు తగలకపోవచ్చు, నీళ్ళు మోసుకెళ్ళాల్సిందే. ఆ నీరంతా లోపల గుహల్లో తిరుగుతుంది. ముయోటటాల్ లోయలో హ్యోల్లోఖ్ గుహ పొడవు 200 కిలోమీటర్ల పైమాటే. పైన రాతిలో నిలువు చీలికలుంటాయి, కొత్త మంచు పడితే వాటి నోళ్ళు కనబడవు, దారి వదలకండి. ఫ్లిష్ నేల దీనికి పూర్తిగా వేరు: బంకమట్టి రాయీ ఇసుకరాయీ పొరలు పొరలుగా ఉండి, వాన పడిన మర్నాడు బూటు దిగబడుతుంది. గోట్‌హార్డ్ కనుమ చుట్టుపక్కల గ్రానైట్, నైస్ కొండల మీద వాగులు పైనే పారతాయి. టిచీనోలో వెర్జాస్కా నది రాళ్ళు నునుపు తేలి, నీరు ఆకుపచ్చగా ఫొటోల్లో చాలా అందంగా ఉంటుంది. మన కుర్రాళ్ళు అక్కడే ఈతకి దిగుతారు. ఆ నీరు వేసవిలోనూ గడ్డకట్టించే చలి, తడి రాయి మీద కాలు నిలవదు, సుడులు పైకి తెలియవు. గట్టు మీద కూర్చుని పులిహోర తినండి, అది చాలు.

పసుపు బోర్డులు మామూలు నడక దారివి. తెలుపు-ఎరుపు-తెలుపు గుర్తు ఉంటే కొండదారి, మంచి బూట్లు తప్పనిసరి. తెలుపు-నీలం-తెలుపు అయితే కొండ ఎక్కడం వచ్చినవాళ్ళకి మాత్రమే. బోర్డు మీద రాసిన సమయంలో విశ్రాంతి లెక్క ఉండదు, పిల్లలతో అయితే ఒకటిన్నర రెట్లు వేసుకోండి.

నన్నడిగితే అందరూ ముందు చూడాల్సింది ఎల్మ్ అనే కొండ ఊరు. జ్యూరిక్ నుంచి రైల్లో ష్వాండెన్, అక్కడి నుంచి బస్సు, మొత్తం గంటన్నర పైనే. ఊరి పైన చింగెల్‌హ్యోర్నర్ శిఖరాల వరుసకి అడ్డంగా, స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత కనిపిస్తుంది. గీతకి పైన ఉన్న రాయి వయసు 25 నుంచి 30 కోట్ల ఏళ్ళు, కింద ఉన్నది 5 కోట్ల ఏళ్ళకు మించదు. ముసలి రాయి పైన, లేత రాయి కింద! 19వ శతాబ్దపు భూగర్భ శాస్త్రవేత్తల తల తిరిగిపోయింది. ఆల్బర్ట్ హైమ్ అంతటి పండితుడు రెండు పెద్ద మడతలు ఎదురెదురుగా వచ్చాయని వాదించాడు. 1884లో మార్సెల్ బెర్‌ట్రాండ్ అనే ఫ్రెంచివాడు, ఆ చోటు కంటితో చూడకుండానే, అచ్చయిన వివరాలు చదివి చెప్పాడు: రెండు మడతలు కాదు, దక్షిణం నుంచి ఒకే ఒక పెద్ద రాతి దొంతర జారి వచ్చి కూర్చుంది. హైమ్ చివరికి 20వ శతాబ్దం మొదట్లో ఒప్పుకున్నాడు. ఆ దొంతర కనీసం 35 కిలోమీటర్లు కదిలిందని ఇప్పటి లెక్క. 2008లో యునెస్కో ఈ సార్డోనా ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ష్వాండెన్ దగ్గర లోఖ్‌జైట్ అనే చోట ఆ గీతే కిందికి దిగి వస్తుంది, పిల్లలు పై రాయి మీద ఒక చెయ్యి, కింది రాయి మీద ఒక చెయ్యి పెట్టి నిలబడొచ్చు. జెర్మాట్ వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. 4,478 మీటర్ల మ్యాటర్‌హార్న్ పై భాగం ఆఫ్రికా వైపు ఫలకం నుంచి వచ్చిన రాయి, దాని కింద పాత సముద్రం అడుగు. సెల్ఫీలు తీసుకోండి, కానీ ఏ ఖండాన్ని ఫొటో తీస్తున్నారో తెలిసి తీసుకోండి.

అదే ఎల్మ్‌లో 1881 సెప్టెంబర్ 11న కొండ కూలి 110 మందికి పైగా చనిపోయారు. బడి పలకల కోసం కొండ కాళ్ళ దగ్గర పలకరాయిని తవ్వుతూ పోవడమే ప్రధాన కారణం. గోల్డావ్ అనే ఊళ్ళో 1806 సెప్టెంబర్ 2న మనిషి చేయి లేకుండానే జరిగింది. వానలకి నాగెల్‌ఫ్లూ పొరల మధ్య ఉన్న మెత్తటి మట్టి పొర నాని, రోస్‌బెర్గ్ కొండ వాలు మొత్తం జారిపోయింది. 457 మంది పోయారు. ఇప్పుడు ఆ శిథిలాల మధ్యే జంతువుల పార్కు ఉంది, పిల్లలు జింకలకి మేత పెడుతూ ఆడుకునే ఆ బండలు అప్పుడు పడినవే. 2025 మే 28న వాలే కాంటన్‌లో (కాంటన్ అంటే ఇక్కడి రాష్ట్రం) రాళ్ళ బరువుకి బిర్ఖ్ హిమానీనదం తెగి బ్లాటెన్ గ్రామాన్ని దాదాపు పూర్తిగా కప్పేసింది. పైన కొండ కదులుతోందని గమనించి రోజుల ముందే ఊరిని ఖాళీ చేయించారు, అందుకే ప్రాణనష్టం ఒక్కరికే పరిమితమైంది. దారికి అడ్డంగా ఎర్ర టేపు, మూసివేత బోర్డు కనిపిస్తే ఎవరో అతిజాగ్రత్తతో పెట్టారనుకోకండి. మనకి ఊళ్ళో గేటు పక్కనుంచి దూరే అలవాటు ఉంది, ఇక్కడ వద్దు. చలికాలంలో మంచు చరియలు (అవలాంచ్) విరిగిపడే ప్రమాదం గురించి ఇచ్చే బులెటిన్‌లో 5 స్థాయిలుంటాయి. మధ్యలో ఉంది కదా పర్లేదులే అనిపించే 3వ స్థాయిలోనే చాలామంది ప్రాణాలు పోగొట్టుకుంటారు. మంచులో నడవాలంటే గులాబీ రంగు బోర్డులున్న దారుల్లోనే నడవండి.

నవంబర్ నుంచి కొత్తవాళ్ళకి దిగులు మొదలవుతుంది. జూరాకీ ఆల్ప్స్‌కీ మధ్య పళ్ళెంలో చల్లగాలి చిక్కుకుని, పొగమంచు రోజుల తరబడి కదలదు. ఇంట్లో లైటు వేసుకుని కూర్చుని దేశాన్ని తిట్టుకోకండి. వెబ్‌క్యామ్ చూసి ఆ పొర కన్నా పైకి వెళ్ళండి, రిగీ మీద ఎండ కాస్తూ ఉంటుంది. జుట్టు రాలుతోందని నీళ్ళను నిందించేవాళ్ళు కూడా, ఎండ కరువు కాబట్టి, ముందు డాక్టరు దగ్గర విటమిన్ డి పరీక్ష చేయించుకోండి. ఈ చల్లటి పొగమంచుకి పూర్తి విరుద్ధం ఫ్యోన్ గాలి. దక్షిణం వైపు కొండ ఎక్కేటప్పుడు తేమ వదిలేసి, ఉత్తరం వైపు వేడిగా, పొడిగా దూకుతుంది. 1861 మేలో గ్లారుస్ పట్టణం చాలావరకు తగలబడింది ఈ గాలి తోడైన మంటకే. సరస్సులో పడవ అద్దెకి తీసుకున్నప్పుడు ఒడ్డున నారింజ లైటు మిణుకుమిణుకుమంటే తుఫాను హెచ్చరిక అని గుర్తుపెట్టుకోండి. నిమిషానికి 90 సార్లు మిణుకుతుంటే వెంటనే ఒడ్డుకి రండి.

ఇల్లు కొనే ఆలోచన ఉన్నవాళ్ళు జూరాలో, ఆల్ప్స్‌లో రేడియోధార్మికత ఉన్న రేడాన్ వాయువు కొలత అడగండి. నేల పగుళ్ళలోంచి బేస్‌మెంట్‌లోకి చేరుతుంది, ఘనపు మీటరుకి 300 బెకెరెల్ (రేడియోధార్మికత కొలమానం) దాటకూడదని ఇక్కడి ప్రమాణం. భూకంపం సంగతీ అడగండి. బాసెల్ 1356లో, వాలేలో విస్ప్ 1855లో దెబ్బతిన్నాయి. అయినా మామూలు ఇంటి బీమాలో భూకంపం పూర్తిగా కవర్ కాదు.

ఆఖరిది, కొండకి బయలుదేరే ముందే చూసుకోవాల్సింది. వారానికి కనీసం 8 గంటలు పనిచేసే ఉద్యోగికి ప్రమాద బీమా కంపెనీ తరఫున ఉంటుంది, వీకెండ్ ప్రమాదాలూ దానిలోకే వస్తాయి. ఉద్యోగం లేని భార్యకో భర్తకో, పిల్లలకో అది ఉండదు. వాళ్ళ ఆరోగ్య బీమాలో ప్రమాదం అన్న గడి టిక్ చేసి ఉందో లేదో ఈ రోజే చూడండి, ప్రీమియం తగ్గుతుందని చాలామంది తీసేస్తారు. తప్పనిసరి ఆరోగ్య బీమా రెస్క్యూ ఖర్చులో సగమే, అదీ ఏడాదికి 5,000 ఫ్రాంకుల వరకే ఇస్తుంది. హెలికాప్టర్ కోసం రేగా అనే ఎయిర్ రెస్క్యూ సంస్థ నంబరు 1414, ఫోన్‌లో సేవ్ చేసుకోండి. వచ్చే అమ్మానాన్నలకి ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు కొండ మీద రెస్క్యూ ఉందో లేదో పాలసీలో చదివి తీసుకోండి, ఏజెంటు మాట మీద కాదు.