చూసినవాళ్ళందరూ ప్రేక్షకులు కారు

తమ్ముడూ,

నీ అనువాదం మొత్తం చదివాను. వాక్యం హాయిగా నడుస్తోంది. ఒక్క చోట మాత్రం ఆగిపోయాను: 'కాల్పుల్లో ఒక ప్రేక్షకుడు గాయపడ్డాడు' అని రాశావు. ఇంగ్లీషు మూలంలో ఉన్న మాట బైస్టాండర్. నాటకమో మ్యాచో చూడ్డానికి పనిగట్టుకుని వచ్చినవాడు ప్రేక్షకుడు. బైస్టాండర్ దేన్నీ చూడ్డానికి రాలేదు. తూటా తగిలే క్షణానికి కొట్టు వైపు తిరిగి పాల ప్యాకెట్‌కి చిల్లర లెక్కపెట్టుకుంటూ ఉండొచ్చు. 'అక్కడే ఉన్న ఒకతను గాయపడ్డాడు' అంటే సరిపోతుంది. ముందు ఇన్నోసెంట్ అని ఉంటే 'గొడవతో ఏ సంబంధమూ లేని' అను. 'అమాయక' అంటే లోకం తెలియనివాడనే అర్థం వచ్చి పడుతుంది.

ఇలాంటి మాట తగిలినప్పుడు నిఘంటువు తెరిచే ముందు ఆ మనిషి సంగతి ఆలోచించు. కావాలని వచ్చాడా, అనుకోకుండా అక్కడ ఉన్నాడా? చూసిందాన్ని తర్వాత ఎవరికైనా చెప్పాల్సిన బాధ్యత ఉందా? స్పెక్టేటర్ కావాలని వచ్చినవాడు. ఆన్‌లుకర్ పోతూ పోతూ ఆగినవాడు, మన చూపరి. పాసర్‌బై ఆగనే లేదు, దారిన పోయే మనిషి. రబ్బర్‌నెకర్ అమెరికా మాట. యాక్సిడెంట్ జరిగిన చోట కారు నెమ్మది చేసి మెడ సాచి చూసేవాళ్ళను ఈసడిస్తూ అంటారు. 'చోద్యం చూస్తున్నారు' అను, ఆ ఈసడింపు చెక్కుచెదరకుండా దిగుతుంది. ఆడియన్స్‌కి లాటిన్ మూలం వినడం, అందుకే ఒక్క తెలుగు మాటతో పని జరగదు. రేడియో అయితే శ్రోతలు, ఉపన్యాసం అయితే సభికులు, సినిమా అయితే ప్రేక్షకులు.

అబ్జర్వర్‌ని పరిశీలకుడు అంటున్నావు, మంచిదే. కానీ ఆ మాటను 'ఊరికే చూసి వెళ్ళేవాడు' అన్న అర్థంలో వాడకు. మన ఎన్నికల పరిశీలకులనే చూడు. బూత్‌ల ఆక్రమణ పెద్ద ఎత్తున జరిగిందనిపిస్తే ఓట్ల లెక్కింపు ఆపమని రిటర్నింగ్ అధికారిని ఆదేశించే అధికారం ప్రజాప్రాతినిధ్య చట్టం 20బి సెక్షన్ వాళ్ళకు ఇచ్చింది.

అన్నిటికంటే చిక్కు విట్‌నెస్‌తోనే. ఎక్కడ కనిపించినా 'ప్రత్యక్ష సాక్షి' అని పెట్టేశావు. ఆ మాట ఐవిట్‌నెస్‌కి దాచు. పాత ఇంగ్లీషులో విట్‌నెస్‌కి మూలం తెలివిడి, ఎరుక. కన్ను ఆ మాటలో లేనే లేదు. వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షులు కావాలి. వాళ్ళు చూడాల్సింది సంతకం, లోపల ఏం రాసి ఉందో తెలియనక్కర్లేదు. కోర్టుకొచ్చే ఫోరెన్సిక్ డాక్టర్ కూడా విట్‌నెస్సే, నేరం జరుగుతుంటే ఆయన చూడలేదు. మన సాక్ష్య చట్టం కూడా చూసిన సంగతి చూసినవాడు, విన్న సంగతి విన్నవాడు స్వయంగా వచ్చి చెప్పాలంటుంది. అంటే కేక చెవులారా విన్నవాడు సాక్షే, కానీ చూసినవాడు కాడు. ఇక ఇదే మాట క్రియగా వస్తే సాక్షిని పూర్తిగా వదిలెయ్. 'నగరం భారీ వర్షానికి సాక్షిగా నిలిచింది' ఏమిటి? 'నగరంలో భారీ వర్షం కురిసింది', అంతే.

విన్నవాళ్ళకూ చూసినవాళ్ళకూ తేడా చెరిగిపోతే ఏమవుతుందో న్యూయార్క్ కేసు చెబుతుంది. 1964 మార్చి 13 తెల్లవారుజామున క్వీన్స్‌లోని క్యూ గార్డెన్స్‌లో ఒక యువతిని పొడిచి చంపారు. రెండు వారాలకు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో, హత్యను చూసిన 37 మంది పోలీసులను పిలవలేదని శీర్షిక పెట్టింది. నిజానికి చాలామందికి కేకలు మాత్రమే వినబడ్డాయి. దాడి కళ్ళారా చూసినవాళ్ళు కొద్దిమందే, వాళ్ళలోనూ మొదటి నుంచి చివరిదాకా చూసినవాళ్ళు లేరు. సాక్షుల సంఖ్యనూ వాళ్ళు గ్రహించినదాన్నీ బాగా పెంచి రాశామని ఆ పత్రికే 2016లో ఒప్పుకుంది. 'చూసిన' అన్న ఒక్క మాట ఒక పేట మొత్తాన్ని యాభై ఏళ్ళు దోషిగా నిలబెట్టింది.

ఆ కథనం చూసే డార్లీ, లటానే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగం చేశారు. 1968లో ప్రచురించారు. నీ పుస్తకం పదకొండో అధ్యాయంలో వచ్చే బైస్టాండర్ ఎఫెక్ట్ అదే. దాన్ని 'ప్రేక్షక ప్రభావం' చేశావు. ఆ ప్రయోగంలో విద్యార్థులు ఎవరి గదిలో వాళ్ళు ఒంటరిగా కూర్చున్నారు. అవతలి గదిలోని మనిషికి మూర్ఛ వస్తున్నట్టు హెడ్‌ఫోన్‌లో విన్నారు, కళ్ళతో చూసింది ఏమీ లేదు. వింటున్నది తానొక్కడే అనుకున్నవాళ్ళలో నూటికి 85 మంది ఆ గొంతు ఆగేలోపే సాయానికి కదిలారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్ళలో 31 మందే కదిలారు. కాబట్టి మొదటిసారి వచ్చినప్పుడు 'ఇంకెవరో చూసుకుంటారులే అని మిన్నకుండిపోవడం' అని విడమరిచి రాయి. ఆ తర్వాత బైస్టాండర్ ఎఫెక్ట్ అనే ఉంచెయ్, పాఠకుడు పట్టుకుంటాడు. ఆ అధ్యాయంలో 'ప్రేక్షక' అన్న మాట కనిపించిన ప్రతిచోటా పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. ఒక్కొక్కటీ మూలంతో పోల్చి, దిద్ది పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య