ఆదివారం పరుగు, ఇంట్లో అలక

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. ఉద్యోగం చేస్తాను. హైదరాబాద్‌లో ఉంటాం. పాపకు తొమ్మిది, బాబుకు ఐదు. మూడు హాఫ్ మారథాన్లు పూర్తిచేశాను. ఈ ఆగస్టులో మొదటిసారి ఫుల్ మారథాన్‌కి (42 కిలోమీటర్లు) సిద్ధమవుతున్నాను. ఆదివారాలు మూడున్నరకే లేచి ఉప్మా, చట్నీ చేసిపెట్టి వెళ్తాను. అయినా అత్తయ్య ‘పిల్లల్ని వదిలేసి చీకట్లో ఈ పరుగులేంటి’ అంటారు. మావారు ఏమీ అనరు, అలాగని ఏమీ చెయ్యరు. మొన్న పాప ‘నీకు మాకన్నా రన్నింగే ఇష్టం’ అంది. ఈ మధ్య నాకు నీరసంగా కూడా ఉంటోంది. మానేయమంటారా?

జవాబు: మానేయమని చెప్పను. మీరు మానేయాల్సింది మూడున్నరకు లేచి చేసే ఆ ఉప్మా. మీవారికి చేయడం రాకపోతే వీధి చివర నుంచి ఇడ్లీ తెస్తారు, పిల్లలు సంబరంగా తింటారు. జరిమానా కట్టినట్టు ముందే అన్నీ సర్దిపెట్టి వెళ్తుంటే, మీరేదో తప్పు చేస్తున్నారనే ఇంట్లోవాళ్లు అనుకుంటారు.

ఆయన ఏమీ అనకపోవడం ఒప్పుకున్నట్టు కాదు. క్యాలెండర్ తీసుకుని ఇద్దరూ కూర్చోండి. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో. అక్కణ్నుంచి వెనక్కి లెక్కేస్తే, సాధన కోసం 30 కిలోమీటర్ల దాకా వెళ్లే పెద్ద పరుగులు మూడో నాలుగో ఉంటాయి. చివరి రెండు మూడు వారాలు ఎలాగూ దూరం తగ్గించేస్తారు. ఆ పెద్ద పరుగుల తారీఖులు చుట్టి, ‘ఈ ఆదివారాలు పదింటిదాకా పిల్లల్ని మీరే చూసుకోవాలి’ అని తేల్చి చెప్పండి. వెళ్లనా అని అడగొద్దు.

అత్తగారి మాటలో కొంత న్యాయం ఉంది. చీకట్లో ఒంటరిగా వెళ్లే కోడలి గురించి ఏ పెద్దావిడకైనా భయమే. నెక్లెస్ రోడ్డు మీదా కేబీఆర్ పార్కు చుట్టూ ఆదివారం పొద్దున్నే పరుగెత్తేవాళ్లకు కొదవ లేదు, నలుగురితో కలిసి వెళ్లండి. ఎవరితో వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఆవిడకి చెప్పండి. ‘పిల్లల్ని వదిలేసి’ అన్న మాట మాత్రం పట్టించుకోకండి. బ్రిటన్‌లో జాస్మిన్ పారిస్ అనే ఆవిడ 2019లో 268 మైళ్ల స్పైన్ రేసును మగవాళ్లందరినీ దాటి గెలిచింది. పాలు తాగే పాపను ఇంట్లో వదిలి వచ్చింది కాబట్టి దారిలో ఆగిన చోట్ల పాలు పిండుకుంటూ మరీ. ఈ కథ అత్తగారికి వినిపించి వాదన గెలుద్దామనుకోకండి, కుదరదు. మీ ధైర్యం కోసం చెప్పాను.

ఇక పాప సంగతి. తనకు కోపం మీరు వెళ్లినందుకో, వచ్చాక చేసే పనికో గమనించండి. సోఫాలో కాళ్లు చాపి, ఫోన్‌లో స్ట్రావా (పరుగుల లెక్కలు చూపే యాప్) తెరిచి, వేగం ఎంతొచ్చింది, ఎవరెవరు మెచ్చుకున్నారు అని చూస్తూ ఇంకో గంట గడిపేస్తున్నారేమో. రన్నర్ల ఇళ్లలో ఇది మామూలే. ఆ గంట పాపకివ్వండి. కళ్లు మూతలు పడుతుంటే తననీ పక్కన పడుకోబెట్టుకోండి.

నీరసం అన్నారు కాబట్టి ఈ వారంలోనే హీమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పేది) పరీక్షలు చేయించండి. హీమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే డాక్టరు సరేననేదాకా దూరం పెంచొద్దు. ఆగస్టులోపు కోలుకోకపోతే ఈసారికి హాఫ్‌తోనే సరిపెట్టుకోండి.